సగం దారిలో ఉన్నవారిని పలకరించేదెవరు?



పోయిన బుధవారం మేమూ అమ్మగారూ ఎల్బీనగర్ వెళ్ళాం. ఆపరేషన్ అయి ఆసుపత్రిలో ఉన్న మన సంఘ పెద్దమ్మను చూసి, ప్రార్థన చేసి బయటికి వచ్చేసరికి సాయంత్రం ఐదు దాటింది. ఊరి బస్సు కోసం చౌరస్తా వైపు నడుస్తుంటే మెట్రో మెట్ల దగ్గర మన సంఘ బిడ్డ ఒకతె కనిపించింది. మొన్న జూన్ రెండో ఆదివారం మనమందరం ముందుకు పిలిచి, శాలువా కప్పి, ప్రార్థించి పంపిన బిడ్డే. మొదట గుర్తుపట్టలేదు. ఎండకు ముఖం నల్లబడింది. గొంతు బొంగురుపోయింది. చుడీదార్ అంచుల నిండా ఉత్తరేణి గింజలు అంటుకుని ఉన్నాయి.

"ఎట్లున్నవ్ బిడ్డా?" అని అడిగాం.

"మంచిగనే ఉన్న అయ్యగారూ" అంది.

అమ్మగారు ఆమె చెయ్యి పట్టుకుని అదే మాట ఇంకోసారి అడిగింది. అప్పుడు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "సంక్రాంతికి ఇంటికొస్త గద అమ్మగారూ, మళ్ళ తిరిగి పోను. ఇంకా ఆర్నెల్లు నాతోని కాదు" అంది.

బస్సులో మాకు కునుకు పట్టలేదు. జూన్ నుంచి డిసెంబరు దాకా ఆ బిడ్డకు మనలో ఎంతమందిమి ఫోన్ చేశాం? శాలువా కప్పిన ఫొటోకు మన వాట్సాప్ గ్రూపులో ఎన్నో దండాలు, ఎన్నో ఆమెన్లు వచ్చాయి. ఆ తరువాత? ఎవరి సంగతో ఎందుకు, మేమే ఒక్కసారి కూడా చేయలేదు. అందుకే ఈ వారం ఈ మాటలు రాస్తున్నాం.

ఆమె చేసే పని ఏమిటో మనలో చాలామందికి సరిగ్గా తెలియదు. బడి పిల్లలను తరగతి గదిలోంచి బయటికి తీసుకెళ్ళి చెట్టు దగ్గర, చెరువు గట్టున, రాతిగుట్ట మీద పాఠం చెప్పే ఒక చిన్న సంస్థలో ఏడాది ఒప్పందం మీద చేరింది. ఉండేది దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక లేడీస్ హాస్టల్. గదిలో నలుగురు. మిగిలిన ముగ్గురిలో ఇద్దరు డీఎస్సీ కోచింగ్, ఒకరు సాఫ్ట్‌వేర్ కోర్సు. పొద్దున ఆరున్నరకే మెట్రో ఎక్కితే చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్ దాటి మూడో స్టేషన్ ఎల్బీనగర్. అక్కడి నుంచి బస్సులోనో షేర్ ఆటోలోనో వనస్థలిపురం. వారంలో ఎక్కువ రోజులు ఆమె బడి మహావీర్ హరిణ వనస్థలి.

విజయవాడ రోడ్డు మీద పట్నం వెళ్ళేటప్పుడు మనమందరం ఆ కంచె పక్కనుంచే పోతాం. దిగి లోపలికి వెళ్ళినవాళ్ళం ఎంతమందిమి? ఒకప్పుడు అది నిజాం నవాబుల వేట స్థలం. వర్ధమాన మహావీరుడి 2500వ నిర్వాణ సంవత్సరం అని 1975లో ఆయన పేరు పెట్టారు. 1994లో జాతీయ ఉద్యానవనం అయ్యింది. 3,500 ఎకరాలకు పైగా ఉన్న అడవి అది. చుట్టూ ఇళ్ళు, ఆటోనగర్ షెడ్లు, లారీల హారన్లు, మధ్యలో కృష్ణజింకలు. ఒకనాడు తుపాకీ మోగిన చోట ఈ రోజు పిల్లలు నోటి మీద వేలేసుకుని, చప్పుడు చేయకుండా జింకలను చూస్తున్నారు. ఆ పిల్లలను అలా నిలబెట్టేది మన బిడ్డ.

పని అంతా చూడ్డానికి తేలికగానే ఉంటుంది. బస్సు దిగిన 40 మందిని లెక్కపెట్టాలి. నీళ్ళ సీసాలు, టోపీలు చూడాలి. ఒకడికి పల్లేరు ముల్లు గుచ్చుకుంటుంది, ఇంకొకడికి వాంతి అవుతుంది. మూడు గంటలు ఆపకుండా మాట్లాడాలి. మళ్ళీ లెక్కపెట్టి బస్సు ఎక్కించాలి. మధ్యాహ్నం ఇంకో బడి, ఇంకో 40 మంది, అవే మాటలు. రేపు మళ్ళీ అవే. జూన్‌లో మొదటి బ్యాచ్ ముందు నిలబడ్డప్పుడు ఒళ్ళు పులకరించిందట. ఇప్పుడు నోరు తెరవకముందే తన మాటలు తనకే వినిపిస్తున్నాయట. "రికార్డు ఏసినట్టే ఉంది అయ్యగారూ" అంది.

దానికి తోడు చుట్టూ ఉన్నవాళ్ళ మాటలు. హాస్టల్‌లో "చెట్లు చూపిస్తే కూడ జీతమిస్తరా?" అంటారు. ఊళ్ళో అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా "నీ దోస్తులు డీఎస్సీకి చదువుతున్నరు, నువ్వు అడవులు పట్టుకొని తిరుగుతున్నవ్" అంటుంది. తల్లి బాధ మాకు తెలుసు. బిడ్డ డిగ్రీ కోసం తెచ్చిన అప్పు ఇంకా తీరలేదు. ఆ మాట ప్రేమలోంచే వచ్చింది. అయినా ఆరో నెలలో ఆ మాట తగిలే చోటు వేరు.

ప్రియులారా, ముందుగా ఒక సంగతి చెప్పాలి. ఆ బిడ్డ చేసేది చిన్న పని కాదు. పర్యావరణ విద్య ప్రతి బడిలో ఉండాలని మన సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది. 2003లో మళ్ళీ గుర్తుచేసింది. 2020 జాతీయ విద్యా విధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకు పుస్తకాల సంచి లేని 10 రోజులు ఉండాలంది. తీర్పులు, విధానాలు కాగితం మీద ఉన్నాయి. కాగితం మీద ఉన్నదాన్ని నేల మీదికి దించడానికి ఎండలో నిలబడే మనిషి ఒకరు కావాలి. దిల్‌సుఖ్‌నగర్‌లో ఏ వీధిలోకి వెళ్ళినా కోచింగ్ బోర్డులే. ఆ చదువులను మేము చిన్నచూపు చూడం. మన సంఘంలో ఎన్నో ఇళ్ళకు అన్నం పెట్టింది ఆ చదువులే. కానీ తన ఇంటి పక్కన చెరువు ఎందుకు పొంగిందో తెలియని పిల్లవాడికి ఎన్ని ర్యాంకులు వస్తే మాత్రం ఏం లాభం?

చెరువు మాట ఎందుకన్నామంటే, ఆమె సరూర్‌నగర్ చెరువు గట్టు మీద కూడా పాఠం చెబుతుంది. 2020 అక్టోబరు వానలకు ఆ చుట్టుపక్కల కాలనీలు నీళ్ళలో మునిగిన సంగతి మనందరికీ గుర్తే. నీళ్ళు ఎటు నుంచి వస్తాయి, నాలా ఎటు పోతుంది, దారి మూసుకుపోతే ఏమవుతుంది అని ఆమె పిల్లల చేత మట్టిలో గీయిస్తుంది. నవంబరులో ఒక నాలుగో తరగతి పాప గీస్తూ గీస్తూ ఆగి, "అక్కా, మా ఇల్లు నీళ్ళు పొయ్యే తొవ్వల ఉంది" అందట. ఇంట్లోకి నడుం లోతు నీళ్ళు వచ్చాయని వాళ్ళమ్మ చెబుతుంటే విన్నదే కానీ, ఎందుకు వచ్చాయో ఆ పాపకు ఆ రోజే అర్థమైంది. ఈ సంగతి చెప్పేటప్పుడు మన బిడ్డ గొంతు మారింది. ఆ ఒక్క నిమిషం జూన్‌లో చూసిన ముఖమే మళ్ళీ చూశాం.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. సగం దారిలో ఉత్సాహం తగ్గడం తప్పా? తప్పు కాదనే మా అభిప్రాయం.

నెహెమ్యా గ్రంథం నాలుగో అధ్యాయం తీసి చూడండి. యెరూషలేము గోడ సగం ఎత్తు లేచింది. జనం మనసు పెట్టి పనిచేశారు కాబట్టే అంత దూరం వచ్చింది. సరిగ్గా అప్పుడే బరువులు మోసేవారు మా వల్ల కాదన్నారు. బలం తగ్గింది, తీయాల్సిన మట్టి, రాళ్ళ కుప్పలు ఇంకా అలాగే ఉన్నాయి. గమనించారా? పునాది వేసిన రోజున ఎవరూ ఆ మాట అనలేదు. చివరి రాయి పెట్టేటప్పుడూ అనలేదు. గోడ సగంలో ఉన్నప్పుడు అన్నారు. మొదలు పెట్టినప్పుడు కొత్తదనం మోస్తుంది. చివర గమ్యం కనబడుతూ లాగుతుంది. నడుమ మోసేదీ ఉండదు, లాగేదీ ఉండదు. అలిసిపోయామన్నవారిని నెహెమ్యా తిట్టలేదు. కుటుంబాల వారీగా నిలబెట్టాడు. సగం మంది పని చేస్తుంటే సగం మంది కాపలా కాశారు. బూర వినబడితే అందరూ అక్కడికి చేరాలన్నాడు. అంటే ఒంటరిగా మోసే బరువును పదిమంది బరువుగా మార్చాడు. 52 రోజుల్లో గోడ పూర్తయింది.

ఆ బిడ్డ రోజూ చెప్పే పాఠంలోనే దీనికి ఇంకో జవాబు ఉంది. కృష్ణజింక కొమ్ముకూ చుక్కల దుప్పి కొమ్ముకూ తేడా ఏమిటని పిల్లలను అడుగుతుందట. మగ కృష్ణజింక మెలికల కొమ్ములు ఒకసారి వస్తే జీవితాంతం ఉంటాయి. మగ దుప్పి కొమ్ములు అలా కాదు. ఏటా రాలిపోతాయి, మళ్ళీ మొలుస్తాయి. మొలిచేటప్పుడు పైన మెత్తని నూగు చర్మం ఉంటుంది, ముట్టుకుంటే నొప్పి. అన్ని దుప్పులకూ ఒకేసారి రాలవు, ఒక్కోదానికి ఒక్కో సమయం. కొమ్ములు లేని దుప్పిని చూసి "అక్కా, దానికి రోగమొచ్చిందా?" అని పిల్లలు అడుగుతారట. "లేదు నాన్నా, మళ్ళ మొలుస్తయ్" అని వారానికి ఎనిమిదిసార్లు ఆమే చెబుతుంది. "ఆ మాట నీకు నువ్వు ఎప్పుడన్న చెప్పుకున్నవా బిడ్డా?" అని అడిగాం. నవ్వింది. ఉత్సాహం కృష్ణజింక కొమ్ము అనుకుంటాం. ఒకసారి వస్తే ఎప్పటికీ ఉండాలనుకుంటాం. మాకు తెలిసినంతలో అది దుప్పి కొమ్ము. రాలిన కాలంలో కూడా దుప్పి మేత మానదు, మంద విడవదు. చేయవలసింది అంతే.

మరి ఆ కాలంలో రోజులు గడిచేదెలా? ఇరవై ఏళ్ళ పరిచర్యలో మేము నేర్చుకున్నవి, ఆమెతో చెప్పినవి ఇక్కడ రాస్తున్నాం. బయట పనిచేసే ప్రతివారికీ, ఆశా కార్యకర్తకైనా, అంగన్‌వాడీ టీచరుకైనా పనికొస్తాయి.

ఒకటి, లెక్క చిన్నది చేసుకోవాలి. ఇంకా ఆరు నెలలు అనుకుంటే కొండ. ఈ వారం ఎనిమిది బ్యాచ్‌లు అనుకుంటే మోయవచ్చు. ప్రతి బ్యాచ్‌లో ఒక్క బిడ్డ పేరు, ఆ బిడ్డ అడిగిన ఒక్క ప్రశ్న ఆ రాత్రి నోటు పుస్తకంలో రాసుకోవాలి. 40 మందికి చెప్పే మాట రికార్డు లాగా వినబడవచ్చు. ఆ మాట విన్న పాప మాత్రం ప్రతిసారీ కొత్త పాపే.

రెండు, చెప్పేవారు నేర్చుకోవడం ఆపకూడదు. ఆమె జూన్‌లో నేర్చుకున్నదే డిసెంబరులో చెబుతోంది. అడవి మాత్రం జూన్‌లో ఉన్నట్టు లేదు. తంగేడు పూత అయిపోయింది, గడ్డి ఎండింది, రేగుపండ్లు పండుతున్నాయి, చలికాలపు పక్షులు వచ్చాయి. వారానికి ఒక కొత్త చెట్టో పక్షో తన కోసం నేర్చుకుంటే పాఠంలో ఒక కొత్త మాట చేరుతుంది. మేము కూడా ఒకే క్రిస్మస్ ప్రసంగం ఏటా చెప్పలేక ఈ దారే పట్టాం.

మూడు, విశ్రాంతిని దొంగతనంగా తీసుకోకూడదు, హక్కుగా తీసుకోవాలి. ఆదివారం ఆరాధన అయ్యాక ఆమె నాలుగు గంటలు వచ్చే వారం సామాన్లు సర్దుతుందట. అది మానాలి. గొంతు పాడైతే డాక్టరుకు చూపించుకోవాలి. ప్రార్థించి ఊరుకుంటే సరిపోదు.

నాలుగోది జాగ్రత్తగా వినండి. ప్రతి అలసటా ఓర్చుకోవలసినది కాదు. జీతం సరిగ్గా ఇవ్వకపోయినా, ఆడపిల్లకు భద్రత లేకపోయినా, పిల్లల ప్రాణాలకు జాగ్రత్త లేకపోయినా ఆ పని మానుకోవడం పాపం కాదు. సహనం అనే మంచి మాటను అడ్డం పెట్టుకుని మన పెద్దలు చాలామంది ఆడబిడ్డలను అన్యాయంలో కూర్చోబెట్టారు. అందుకే ఈ మూడూ విడివిడిగా అడిగాం. "అవన్నీ మంచిగనే ఉన్నయ్ అయ్యగారూ, నేనే మంచిగ లేను" అంది. అయితే అది సగం దారి అలసటే.

మన దగ్గరి ఉదాహరణ ఒకటి చెబుతాం. 2014 మే 25న మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్‌కుమార్ ఎవరెస్టు ఎక్కిన వార్త మన ఇళ్ళల్లో ఎంత సంతోషం తెచ్చిందో గుర్తుందా? సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు. పూర్ణకు అప్పటికి 13 ఏళ్ళ 11 నెలలు. ఆ శిఖరం ఫొటో అందరికీ తెలుసు. దానికి ముందు మన భువనగిరి రాతిగుట్ట మీద తాడు పట్టుకుని ఎక్కి దిగిన రోజులు, డార్జిలింగ్ శిక్షణ, లద్దాఖ్ చలి చాలామందికి తెలియవు. ఆ రోజుల్లో వాళ్ళ వెంట నిలబడింది శిక్షకుడు శేఖర్‌బాబు, గురుకులాల కార్యదర్శి ఆర్‌.ఎస్‌. ప్రవీణ్‌కుమార్, ఇంకా ఎందరో ఉపాధ్యాయులు. శిఖరం మీద దండ వేయడానికి ఊరంతా వస్తుంది. గుట్ట మీద తాడు పట్టుకోవడానికి కొద్దిమందే ఉంటారు. సంఘం ఆ కొద్దిమందిలో ఉండాలి.

బయటి ప్రపంచంలో ఈ చదువు మొదలైన తీరు కూడా ఇదే చెబుతుంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో, 1941లో, వేల్స్ దేశపు సముద్ర తీరంలో అబర్‌డోవీ అనే ఊళ్ళో అవుట్‌వర్డ్ బౌండ్ అనే బడి పెట్టారు. పెట్టినవారు కర్ట్ హాన్ అనే ఉపాధ్యాయుడు, లారెన్స్ హోల్ట్ అనే ఓడల యజమాని. ఓడ మునిగి చిన్న పడవల్లో కొట్టుకుపోయేటప్పుడు, బలమైన కుర్రవాళ్ళకంటే వయసు మళ్ళిన నావికులే ఎక్కువమంది బతికి బయటపడుతున్నారని హోల్ట్ గమనించాడంటారు. కండబలం కుర్రవాళ్ళదే. ఇలాంటి రాత్రులు ఇంతకుముందు కూడా గడిచాయి, తెల్లవారింది అన్న అనుభవం మాత్రం పెద్దవాళ్ళది. ప్రియులారా, మన సంఘంలో ఆ పెద్దవాళ్ళం మనమే. ఆ అనుభవం మన దగ్గరే దాచుకుంటే పిల్లలకు ఎలా అందుతుంది?

మా సంగతే చెబుతాం. సెమినరీలో డిప్లొమా చదివేటప్పుడు రెండో ఏడాది నడుమ మేము పెట్టె సర్దుకున్నాం. గ్రీకు పాఠాలు తలకెక్కలేదు, ఇంటి నుంచి డబ్బు రాలేదు. ఆ వారమే మన ఊరి సంఘ పెద్ద ఒకాయన, ఇప్పుడు ప్రభువు సన్నిధిలో ఉన్నారు, రెండు బస్సులు మారి వచ్చారు. గుడ్డలో జొన్నరొట్టెలు, పచ్చిమిరప తొక్కు. ఉపదేశం ఒక్క మాట లేదు. "ఈ ఏడు వానలు మంచిగ పడ్డయ్, కంది బాగుంది" అని పంట సంగతులు చెప్పి, రాత్రి మా గదిలోనే చాప మీద పడుకుని, పొద్దున్నే వెళ్ళిపోయారు. మేము పెట్టె విప్పేశాం. ఆయన ఏం చేశారో అప్పుడు అర్థం కాలేదు. సగం దారిలో ఉన్నవాడిని చూడ్డానికి ఒకరు వచ్చారు. అంతే.

అందుకని మన సంఘానికి మా మనవి. పంపేటప్పుడు శాలువా, తిరిగి వచ్చేటప్పుడు శాలువా, ఈ పద్ధతి మార్చుకుందాం. ఇక నుంచి ప్రతి నెల రెండో ఆదివారం, ఊరికి దూరంగా పనిచేస్తున్న మన బిడ్డల పేర్లు ఒక్కొక్కటిగా చదివి ప్రార్థన చేద్దాం. ఆ సాయంత్రం ఒక్కో పేరుకు ఒక్కో కుటుంబం ఫోన్ చేయాలి. ఫోన్‌లో మూడు ప్రశ్నలు మానేయండి: జీతమెంత, పర్మినెంటా, పెళ్ళెప్పుడు. ఒక్కటి అడగండి: ఈ వారం ఏం చూశావు? తల్లిదండ్రులకు ప్రత్యేకంగా చెబుతున్నాం. ఒకసారి వెళ్ళి మీ బిడ్డ పనిచేసే చోటు కళ్ళారా చూడండి. చూసిన తరువాత మీ మాట మారుతుంది.

జనవరిలో మానేయాలా వద్దా అన్నది ఆ బిడ్డ నిర్ణయం. ఒప్పించడానికి మేము ప్రయత్నించలేదు. ఒక్క మాట అడిగాం: "క్రిస్మస్ అయినంక మన సండేస్కూలు పిల్లల్ని తీసుకొస్తం, జింకల్ని చూపిస్తవా?" కాసేపు ఏమీ అనలేదు. తరువాత, "ఎంతమంది అయ్యగారూ? లెక్క ముందే చెప్పాలె" అంది.

22 మంది పిల్లల పేర్లు వచ్చాయి. వెంట రాగల పెద్దవాళ్ళు నలుగురు కావాలి. ఆ బిడ్డ వాళ్ళ అమ్మ తన పేరు మొదట రాయించింది.

సగం దారిలో ఉన్న ప్రతి బిడ్డకూ ప్రభువు తోడుగా ఉండును గాక. ఆ తోడు మన కాళ్ళతో, మన ఫోన్లతో కూడా వెళ్ళును గాక. ఆమెన్.